మధ్యాహ్నం నిద్రపోయే పెట్టె

ఒక యంత్రం మీద దాని సామర్థ్యం నూటికి ఇంత అని అచ్చువేసి ఉంటే, ఆ అంకెను ఏ గదిలో, ఏ ఎండలో, ఎవరి చేతికింద కొలిచారని మీరెప్పుడైనా అడిగారా?

నేను అడిగేదాన్ని. అడగడం నాకు అలవాటు మాత్రమే కాదు, శిక్షణ కూడా. కోయంబత్తూరులో చదివిన నాలుగేళ్లూ నేను కాలేజీ వాదోపవాదాల జట్టులో ఉన్నాను. చర్చలో కీలకమైన మాటకు ఎవరు అర్థం చెబుతారో సగం గెలుపు వారిదేనని అక్కడ మాకు మొదటి రోజే నేర్పారు. ఆ పాఠం నాకు ఎంతగా వంటబట్టిందంటే, హాస్టల్ మెస్సులో ఎవరైనా ఇడ్లీ బాగుంది అంటే, బాగుండడమంటే ఏమిటని నిలదీసేదాన్ని. కొద్ది నెలల్లో నా పక్కన కూర్చునేవారు తగ్గిపోయారు. ఇడ్లీలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

చదువు ముగిశాక గాంధీపురానికి కాస్త దూరంలో ఉన్న ఒక చిన్న కర్మాగారంలో చేరాను. బావి మోటార్లను సౌరశక్తితో నడిపే పెట్టెలు తయారు చేయడం అక్కడి పని. ఎండ పలకల నుంచి వచ్చే కరెంటు ఒకే దిక్కుకు పారుతుంది. మోటారుకు కావలసినది క్షణక్షణం దిక్కు మార్చుకునే కరెంటు. ఈ మార్పును పెట్టెలోని ఆరు ట్రాన్సిస్టర్లు చేస్తాయి. అవి సెకనుకు వేలసార్లు తెరుచుకుని మూసుకునే తలుపులు. పొలంలో నీళ్లను ఒక మడి నుంచి మరొక మడికి తిప్పేటప్పుడు, గండికి మట్టి వేసి మూసేలోపు కొంత నీరు జారిపోతుంది కదా. ఈ తలుపులు మూసుకునేటప్పుడు కూడా కొంత కరెంటు అలాగే జారిపోతుంది. జారిన కరెంటు వేడిగా మారుతుంది. తలుపును ఏ పదార్థంతో చేయాలన్నది మా వృత్తిలో ఎప్పటికీ తెగని తగవు.

ఆ తగవు మా యజమానికీ నాకూ వచ్చింది. ఆయనను కర్మాగారంలో అందరూ ముదలాళి అంటారు. ఆయనదీ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబమే, కాకపోతే మాట చివర 'ంగ' అనే కోయంబత్తూరు తమిళ మర్యాద అంటుకునే ఉంటుంది. చిన్నప్పుడు మోటార్లకు రాగితీగ చుట్టే పనితో మొదలుపెట్టిన మనిషి. ఏ పెట్టె వేడెక్కినా కొలిచే పరికరం కోసం చూడడు. అరచేతిని తిప్పి, వేళ్ల వెనకభాగాన్ని ఆనించి చెప్పేస్తాడు. అది శాస్త్రీయం కాదని నేను రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ ఆయన అంచనా పరికరంతో సరిపోయింది.

నేను ఒకరోజు కాగితాల కట్టతో ఆయన బల్ల ముందు నిలబడ్డాను.

"సార్, కొత్త పెట్టెకు మామూలు సిలికాన్ వద్దు. సిలికాన్ కార్బైడ్ వేద్దాం."

"ఏనుంగ అమ్మణీ, నడిచే సిలికాన్ ఉండగా ఆ వజ్రం మాదిరి రాయి ఏంటికి?"

"తలుపు మూసేలోపు జారే కరెంటు బాగా తగ్గుతుంది సార్. పెట్టె వేడెక్కదు. వేడెక్కినా ఆ పదార్థం ఓర్చుకుంటుంది."

"అది ఓర్చుకుంటుంది, సరింగ. మోటారు ఓర్చుకుంటుందా? అంత వేగంగా తలుపు టపామని కొడితే, బావిలో దించిన అంత పొడుగు వైరు చివర ఉండే కాయిల్ గతి ఏంది? తొందరగా కాలిపోయే కాయిల్ని మళ్లీ చుట్టేది నువ్వా?"

"మధ్యలో ఆ దెబ్బను మెత్తబరిచే ఫిల్టర్ పెడదాం."

"ఆ ఫిల్టర్ వేడెక్కదా?"

చర్చావేదిక మీద అయితే న్యాయనిర్ణేతలు ఆ పాయింటును ఆయన ఖాతాలో వేసేవారు. నేనూ వేశాను, లోపల.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మామూలు సిలికాన్‌తో ఒక పెట్టె చేసి, నిజమైన బావి దగ్గర పెడతాం. మార్చి, ఏప్రిల్ మధ్య వచ్చే పంగుని నెల ఎండలో అది ఆగకుండా నడిస్తే ఆయన మాట నెగ్గినట్టు. ఆగితే తరువాత చేసే ప్రతి పెట్టెలోనూ నా రాయి. బావి ఎవరిదని ఆయన అడిగాడు. మా పెద్దమ్మదని చెప్పాను.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. మధురైకి దక్షిణాన, బస్సు దిగగానే చెప్పులకు నల్లమట్టి అంటుకునే ఊళ్లో ఆమె సేద్యం. పెదనాన్న పోయాక భూమి చూసుకునేది ఆమే. ఆ ఏడు అరెకరంలో చిన్న ఉల్లి పెట్టింది, అక్కడి మాటలో వెంగాయం. అందులో సగం మీద ఆమెకు ప్రత్యేకమైన ఆశ ఉంది. వచ్చే ఏడు నాటడానికి విత్తనపు గడ్డలు ఆ మడుల నుంచే రావాలి. చాలా ఏళ్లుగా ఆమె బయటి నుంచి విత్తనం తెచ్చుకోలేదు. తన గడ్డను తానే దాచి, తానే నాటుకుంటుంది. ఒక్క ఏడు ఎండిపోతే ఆ వరుస తెగిపోతుంది.

పెట్టెను, ఎండ పలకలను, బావిలో దించే మోటారును తీసుకెళ్లిన రోజున ఆమె పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. అంతవరకూ బావిని నడిపిన డీజిల్ ఇంజన్‌ను మరిది చేతికి ఇచ్చేసింది. ఆయన నాకు చిన్నాన్న వరస.

"వదినే, ఇంజన్ రెండు నెలలు ఇక్కడే ఉండనీ. పాప పెట్టె ఎట్లా ఉండాదో చూద్దాం," అన్నాడు చిన్నాన్న.

"ఒక బావికి ఇద్దరు మొగుళ్లు ఏంటికిరా? తీసుకొని పో," అంది పెద్దమ్మ.

అలా ఆ ఉల్లి మడులకు నా పెట్టె తప్ప మరో దిక్కు లేకుండా పోయింది.

ఆ పెట్టె రూపకల్పనలో నాకు గర్వంగా అనిపించిన అంశం ఒకటుంది. ట్రాన్సిస్టర్ల వేడిని బయటికి పంపడానికి అల్యూమినియం రెక్కలు అమరుస్తాం. వాటి మధ్యగా గాలి పైకి లేచి వేడిని మోసుకుపోతుంది. మామూలుగా రెక్కలు పెట్టె వెనక ఉంటాయి. గోడకు ఆనించి బిగిస్తే అక్కడ గాలి ఆడదని నేను వాదించి, రెక్కలను పెట్టె ముందుభాగానికి తెచ్చాను. తెర, మీటలు పక్కకు జరిపాను. మోటారు గది తలుపు నుంచి వచ్చే గాలి సూటిగా రెక్కలను తాకుతుంది. వాడే విధానాన్ని ఒక కాగితం మీద తమిళంలో రాసి గోడకు అంటించాను. పెద్దమ్మకు తెలుగు మాటే గాని తెలుగు అక్షరం రాదు. దుమ్ము పడకుండా చూడాలి, నీళ్లు పోయకూడదు, తలుపు తెరిచి ఉంచాలి అని అందులో ఉంది. అన్నీ రాశాననుకున్నాను.

ఆ తరువాత వారానికి ఒకసారి ఫోను చేసేదాన్ని.

"పెట్టె ఎట్లా ఉంది పెద్దమ్మా?"

"బాగుండాది కన్నూ. నీళ్లు వస్తా ఉండాయి. నువ్వు తింటివా?"

"మధ్యలో ఆగడం లేదు కదా?"

"అదేంటికి ఆగుతుంది? ఏమి తింటివి చెప్పు."

ప్రశ్నను మరో ప్రశ్నతో తప్పించుకోవడాన్ని గుర్తుపట్టడం నాలుగేళ్లు నేర్చుకున్నదాన్ని. ప్రతి వారం తిన్నదేమిటో వివరంగా చెప్పి ఫోను పెట్టేశాను.

నిజం చిన్నాన్న చెప్పాడు. పంగుని నెల సగం గడిచాక ఆయనే ఫోను చేశాడు.

"పాపా, నీ పెట్టె మనిషి మాదిరి ఉండాదిమా."

"అంటే ఏంటి చిన్నాన్నా?"

"మధ్యాహ్నం పన్నెండు కొడితే పండుకుంటుంది. మూడుకు లేస్తుంది. కాఫీ ఒక్కటే అడగలా."

నవ్వడానికి వీలు లేకపోయింది. ఎండ పలకలు ఎక్కువ కరెంటు ఇచ్చే గంటలవి. పైరుకు దాహం వేసే గంటలూ అవే. సరిగ్గా అప్పుడే పెట్టె ఆగిపోతోంది. ట్రాన్సిస్టర్ల పక్కన ఒక చిన్న ఉష్ణమాపకం ఉంటుంది. వేడి హద్దు దాటితే పెట్టె తనను తాను కాపాడుకోవడానికి ఆగుతుంది, చల్లబడ్డాక లేస్తుంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు వారాలు ఉంటుంది. వెంగాయం కొసలు పసుపు తిరిగినాయి. మీ పెద్దమ్మ నీకు చెప్పొద్దు అనింది. నేను చెప్పలా, నువ్వు వినలా, సరియా?"

ఇక్కడ ఒక విషయాన్ని దాచకుండా ఒప్పుకోవాలి. ఫోను పెట్టేయగానే నాకు కలిగిన మొదటి భావం బాధ కాదు, సంతోషం. నేను గెలిచాను. సిలికాన్ ఆగిపోయింది. ముదలాళి బల్ల ముందు పెట్టబోయే వాక్యాలు కూడా మనసులో వరుస కట్టాయి. రెండో వాక్యం దగ్గర ఉల్లి మడులు గుర్తొచ్చాయి. ఆ రెండు వాక్యాల మధ్య నేను ఎలాంటి మనిషినో తెలుసుకోవడానికి సరిపడా సమయం ఉంది.

సిలికాన్ కార్బైడ్‌తో ముందే చేసి ఉంచిన బోర్డును సంచిలో పెట్టుకుని గురువారం బయలుదేరాను. మధురైలో బంధువుల ఇంట్లో ఆగి, శుక్రవారం ఉదయమే మాట్టుతావణి బస్టాండులో బస్సు ఎక్కాను. పక్క సీటు మీద వంకాయల బస్తా ఉంది. దాని యజమాని నిలబడే ఉన్నాడు. బస్తా లేవలేదు కాబట్టి నేనూ అడగలేదు.

నేను పొలానికి చేరేసరికి పెద్దమ్మ తలస్నానం చేసి, మోటారు గదిలో పూజ ముగించి ఉంది. సాంబ్రాణి వాసన ఇంకా గదిలోనే తిరుగుతోంది. పెట్టె ముఖం మీద తడి పసుపు, చందనం మిలమిల మెరుస్తున్నాయి. పైన మల్లెచెండు. మా వైపు శుక్రవారం నాడు మోటారుకు, నాగలికి, తిరగలికి బొట్టు పెట్టకుండా పని మొదలుపెట్టరు. మా కర్మాగారంలోనే కొలత పరికరాలకు సైతం చందనం చుక్క ఉంటుంది. పెట్టె ముచ్చటగా కనిపించింది. ఫొటో తీసి ముదలాళికి పంపాను. లక్షణంగా ఉందని ఆయన జవాబిచ్చాడు. చదువుకున్న ఇంజనీరు, అనుభవమున్న ముదలాళి, ఇద్దరమూ ఆ ఫొటోను చూశాం. ఇద్దరికీ అందులో ఏ తప్పూ కనబడలేదు.

మడులు చూడడానికి వెళ్లాను. నల్లనేల బీటలు వారి, బీటల్లో వేలు దూరేంత సందు ఉంది. ఉల్లి కొసలు వాడిపోయి వంగాయి. బావికి దూరంగా ఉన్న నాలుగు మడులు మరీ అధ్వాన్నంగా ఉన్నాయి. విత్తనం కోసం అనుకున్న వాటిలో అవీ ఉన్నాయి.

"నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"నీ ముదలాళి నిన్ను ఏమన్నా అంటాడని. పెద్దపెద్ద పని చేస్తా ఉండావు, మన పేరు పోకూడదు కదా. వెంగాయం పోతే మళ్లీ పెట్టుకోవచ్చు."

మళ్లీ పెట్టుకోవడానికి విత్తనం ఉండదని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు.

గదిలోకి వచ్చి పాత బోర్డు తీసి, నా రాయి ఉన్న బోర్డు బిగించాను. మోటారు కదిలింది, కాలువలో నీరు పారింది. పన్నెండు దాటింది. పెట్టె ఆగలేదు. పన్నెండున్నర. ఆగలేదు. చిన్నాన్న వచ్చి గుమ్మంలో నిలబడి తల ఊపాడు. మెచ్చుకోలును ఎలా స్వీకరించాలా అని ఆలోచిస్తుండగానే, ఒంటిగంట దాటిన కాసేపటికి మోటారు చప్పుడు తగ్గి, తగ్గి, ఆగిపోయింది.

"కొంచెం లేటుగా పండుకుంది, పరవాలేదు," అన్నాడు చిన్నాన్న.

పెద్దమ్మ ఒక తువాలు తడిపి, పిండి, పెట్టె ముఖం మీద కప్పింది. ఆ కదలికలో మూడు వారాల అలవాటు కనిపించింది.

"రోజూ ఇట్లా చేస్తున్నావా?"

"జ్వరం వస్తే తడిగుడ్డ వెయ్యరా? నీళ్లు పోయవద్దు అని రాసిండావు. పోయలా. గుడ్డ మాత్రందా."

తువాలు తీశాను. ముదలాళి చేసినట్టే అరచేయి తిప్పి, వేళ్ల వెనకభాగాన్ని రెక్కలకు ఆనించాను. గోరువెచ్చగా ఉంది. లోపలి ఉష్ణమాపకమేమో కొలిమి గురించి చెబుతున్నట్టు చెబుతోంది. లోపల నిప్పు, బయట గోరువెచ్చన. అంటే వేడి బయటికి రావడం లేదు. మధ్యలో ఏదో అడ్డుంది. గోటితో గీశాను. పసుపు పెచ్చు ఊడింది. దాని కింద ఇంకో పెచ్చు, దాని కింద మరొకటి. పసుపు, చందనం, విభూది, తడిగుడ్డ నీటికి అంటుకున్న నల్లమట్టి దుమ్ము, ఇవన్నీ కలిసి ఎండి, రెక్కల మధ్య సందులను గోడకు పూసిన గచ్చులా పూడ్చేశాయి. గాలి లేవడానికి దారే లేదు.

"పెద్దమ్మా, ఇంజన్‌కు ఒక్క చుక్కే కదా పెట్టేదానివి. దీనికేంటి ఇంత?"

"ఇంజన్‌కు ఒక్క ముఖం. దీనికి ఇన్ని పళ్లు ఉండాయే! ఒకదానికి పెట్టి ఇంకొకదానికి విడిస్తే బాగుంటుందా? ఒక్కొక్క పల్లుకూ పై నుంచి కింద దాకా పూస్తిని. నువ్వు చేసింది కదా, అందుకని విడవకుండా పూస్తిని."

చిన్నాన్న గుమ్మంలోనే కూర్చుండిపోయి నవ్వాడు. ఎంతసేపు నవ్వాడంటే, పెద్దమ్మ పిండిన తువాలుతోనే ఆయనను ఒకటి వేసింది.

సాయంత్రం వరకు ముగ్గురమూ కొబ్బరిపీచుతో, వెదురుపుల్లలతో రెక్కలు శుభ్రం చేశాం. తరువాత నేను చేయవలసిన పని కాస్త కష్టమైనది. నా రాయి ఉన్న బోర్డును తీసి, ఓడిపోయిందనుకున్న పాత సిలికాన్‌ను మళ్లీ బిగించాలి. రెండింటినీ ఒకేసారి మారిస్తే, పెట్టె బాగుపడింది రాయి వల్లనో, పీచు వల్లనో ఎవరూ చెప్పలేరు. ఒకసారికి ఒకటే మార్చాలి. ఇది చర్చానియమం కాదు, నిజాయితీ. కానీ మడులను మరోసారి పందెం పెట్టే హక్కు నాకు లేదు. పెద్దమ్మను అడిగాను.

"పాతది ఆగితే?" అంది.

"ఆ నిమిషమే కొత్తది వేస్తాను. చిన్నాన్న ఇంజన్‌ను కూడా తెచ్చి పెడతాడు."

"సరి, వెయ్యి. ఇంజన్ మాత్రం నా కంటికి కనపడకూడదు."

శనివారం మధ్యాహ్నం ముగ్గురమూ పెట్టె ముందు కూర్చున్నాం. పన్నెండయింది.

"ఇంక చాప వెయ్యండి," అన్నాడు చిన్నాన్న.

మోటారు నడిచింది. ఒంటిగంట. నడిచింది. రెండు. వేళ్లను రెక్కలకు ఆనించబోయి చురుక్కుమని వెనక్కి తీసుకున్నాను. వేడి బయటికి వస్తోంది, సంతోషంగా కాల్చింది. రెండున్నరకు చిన్నాన్న ఏమీ అనకుండా లేచి, పార తీసుకుని చివరి మడులకు నీళ్లు తిప్పడానికి వెళ్లాడు. ఆయన సాధారణంగా ఏదో ఒకటి అనకుండా కదిలే మనిషి కాదు.

ఇక మిగిలింది బొట్టు సంగతి. బస్సులో వచ్చేటప్పటి నేనైతే, బొట్టు మానెయ్యమని చెప్పడానికి మూడు బలమైన వాదనలు తయారు చేసుకునేదాన్ని. కానీ పెద్దమ్మే ముందు అడిగింది.

"పళ్లకు పెట్టను, సరి. ఎక్కడ పెట్టాలో చెప్పు."

పెట్టెను నాలుగు వైపులా చూశాను. ఒక పక్క తెర, ఒక పక్క మీటలు, పైన వైర్లు, ముందు రెక్కలు. ఒక చుక్కకు చోటు లేదు.

"వెనక పెట్టుకో," అన్నాను, అనాలి కాబట్టి.

"ముఖానికి కాక వీపుకు పెడతారా బొట్టు?"

నాలుగేళ్ల వాదోపవాదాల్లో ఎవరూ నన్ను ఇంత చిన్న వాక్యంతో కూర్చోబెట్టలేదు. తప్పు పసుపుది కాదు. గాలి కోసం రెక్కలను ముఖంగా మార్చింది నేను. ప్రతి యంత్రానికీ ఒక ముఖం చూసుకునే చేతులకు, ముఖం స్థానంలో రెక్కలు ఇచ్చింది నేను. పరిసరాల ఉష్ణోగ్రత, దుమ్ము, తేమ, వైరు పొడవు అన్నీ లెక్కలోకి తీసుకున్నాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్న శుక్రవారాన్ని మాత్రం తీసుకోలేదు.

సోమవారం ముదలాళికి మొత్తం చెప్పాను. ఆయన ఫోను తీసి, శుక్రవారం నేను పంపిన ఫొటోను మళ్లీ చూశాడు.

"నలభై ఏళ్లుగా ప్రతి మోటారుకూ చందనం పెడతా ఉండానుంగ. నాకూ తోచలేదే," అన్నాడు.

కొత్త పెట్టెకు రెక్కలు వెనక్కి వెళ్లాయి. గోడకూ వాటికీ మధ్య గాలి ఆడేలా నాలుగు పొడుగు కాళ్లు వచ్చాయి. ముందుభాగం అరచేయంత మేర నునుపుగా, ఖాళీగా ఉంది. ఆ ఖాళీ దేనికని డ్రాయింగులో రాయవలసిన చోట "బొట్టు" అని రాశాను. లోపల మామూలు సిలికానే ఉంది. పొడుగు వైరు చివర ఉన్న ఆ మోటారుకు అదే తగినది. ఏ పదార్థం గొప్పదన్న ప్రశ్నే సగం ప్రశ్న. ఎక్కడ, దేనికి అన్నది కూడా కలిపితేనే అది పూర్తవుతుంది. బోడినాయకనూరులో ఏలకులు ఆరబెట్టే వేడిగదుల కోసం ఒక పెట్టె అడిగారు. అక్కడ వైరు చాలా పొట్టి, గది మాత్రం మండిపోతూ ఉంటుంది. ఆ పెట్టెకు నా రాయి కోసం మళ్లీ వాదిస్తున్నాను. ముదలాళి ఇంకా లొంగలేదు.

పెద్దమ్మ పంటలో చివరి నాలుగు మడులు కోలుకోలేదు. గడ్డలు గోలీల్లా మిగిలాయి. మిగతా మడుల నుంచి ఆమె విత్తనం ఏరి, కట్టలు కట్టి, పొగ తగిలేలా వంటింటి పైకప్పుకు వేలాడదీసింది. ఎప్పుడూ ఉండేదానికంటే తక్కువే, కానీ వరుస తెగలేదు. నాలుగు మడులు పోయింది సిలికాన్ వల్ల కాదు, పసుపు వల్ల కూడా పూర్తిగా కాదు. ఆ మూడు వారాలూ ఆమె నా పరువును కాపాడుతూ మౌనంగా ఉండడం వల్ల, ఆమె మౌనాన్ని నేను బాగుండడంగా లెక్కవేసుకోవడం వల్ల.

కాబట్టి మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. మీ ఇంట్లో గాని, పొలంలో గాని వేడెక్కుతున్న, ఆగిపోతున్న, మీరు రోజూ ఏదో ఉపాయంతో నెట్టుకొస్తున్న యంత్రం ఒకటి ఉంటే, ఈ వారమే దాన్ని తయారు చేసినవారికి రాయండి. చేసింది మీ అల్లుడైనా, మేనకోడలైనా సరే, మొహమాటపడకండి. అది ఎప్పుడు ఆగుతోందో చెప్పండి. దాన్ని మీరు ఎక్కడ ఉంచుతారో, దేనితో తుడుస్తారో, దాని మీద ఏమేమి పెడతారో, సిగ్గుపడకుండా ఒక్కటీ వదలకుండా రాయండి.